గంగమ్మతో మాటల్లేవు

సముద్రం పక్కన ఉంటే కవిత్వం పుట్టుకొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నాకు పుట్టుకొచ్చింది ఒంటి మీద దురద. డెబ్బయ్యెనిమిదిలో నన్ను యారాడ ఎలిమెంటరీ స్కూలుకి వేశారు. మాది సబ్బవరం పక్క పల్లె. మా ఇళ్ళల్లో నీళ్ళంటే బావిలో ఉండేవి, బోదెలో పారేవి, గట్టు వేస్తే ఆగేవి. ఇక్కడి నీళ్ళు ఎవరి మాటా వినవు. పైగా పగలనక రాత్రనక ఒకటే రొద. నేను పిల్లల చేత ఎక్కాలు చెప్పించినంతసేపూ కిటికీ వెనక నుంచి అది ఇంకేదో లెక్క అప్పజెబుతూనే ఉండేది.

సోమవారం పొద్దున్నే టౌన్లో పడవెక్కి, పోర్టు కాలవ దాటి, కొండెక్కి అవతలికి దిగాలి. దిగుతున్నంతసేపూ నిద్రలోకి జారుతున్నట్టే ఉండేది. కొండకి ఇవతల క్రేన్లు, ఓడల కూతలు, ఎర్రటి ఖనిజం దుమ్ము. అవతల కొబ్బరిచెట్లు, ఇసుక, ఎండలో ఆరేసిన వలలు. మధ్యలో ఒక మలుపు దగ్గర ఇటు చప్పుడూ అటు చప్పుడూ రెండూ వినబడవు. అక్కడ కాసేపు నిలబడితే నేను ఎవరినో, ఎవరి కూతుర్నో కూడా మరిచిపోయేదాన్ని. హాయిగా ఉండేది. ఇంతలో గాలి తిరిగేది, రొద మొదలయ్యేది, నాకు కోపం వచ్చేది.

నాకు ఉండడానికి చోటిచ్చింది పోతమ్మ. గది అంటే గది కాదు, ఆమె తాటాకింట్లో ముందు వసారాకి తడిక కట్టి వేరుచేసిన చోటు. పోతమ్మకి నలభై దాటి ఉంటాయి. నోరున్న మనిషి. దారిన పోయే కోడిని కూడా పేరుపెట్టి తిట్టగలదు. ఆ ఊళ్ళో ఆమె మాట్లాడనిది ఒక్క సముద్రంతోనే.

ఇదేదో అలంకారం కోసం అంటున్నాననుకోకండి. యారాడలో ఆడవాళ్ళు నిజంగానే సముద్రంతో మాట్లాడతారు. గంగమ్మ అంటారు. మగవాడు తెప్పని నీళ్ళలోకి తోస్తుంటే, ఇల్లాలు పాదాలు తడిసేదాకా వెళ్ళి, పక్కింటావిడకి అప్పజెప్పినట్టు చెబుతుంది. "మాయమ్మా, మా ఇంటోడొత్తన్నాడు, సూసుకో" అని. అంతే. మంత్రమూ లేదు, తంత్రమూ లేదు. ఆ మాట పడనిదే తెప్ప కదలదు. ఒక ఇంట్లోంచి ఎవరినైనా సముద్రం తీసుకుంటే ఆ ఇంటి తెప్పని ఇసక మీదికి ఈడ్చేస్తారు. కొన్ని నెలలకి, కడుపులో మంట కాస్త తగ్గాక, ఆ ఇంటి ఆడది పసుపూ కుంకుమా పట్టుకెళ్ళి గంగమ్మతో మళ్ళీ మాట కలుపుతుంది. అందాకా ఆ ఇంటి మగవాడు తన తెప్పా ఎక్కడు, ఇంకొకరి తెప్పా ఎక్కడు.

పోతమ్మ కొడుకు, పేరు గురువులు, నేను ఆ ఊరు రాకముందే వేటకెళ్ళి ఒక గాలివానలో పోయాడట. పెళ్ళీడు కుర్రాడు. ఆ తర్వాత రెండు వానాకాలాలు దాటిపోయాయి. పోతమ్మ సముద్రానికి వెళుతుంది, అందులో చేపలు కడుగుతుంది, బిందె తోముకుంటుంది. ఒక్క మాట అనదు.

ఆమె మొగుడు ఎల్లారావు పగలంతా ఆ ఒడ్డున పడున్న తెప్ప మీదే కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసిపెట్టేవాడు. పోతమ్మ పోరగా పోరగా టౌన్లో మద్దిలపాలెంలో ఎవరిదో గోడౌనుకి కాపలా కుదిరాడు. వారం తిరక్కుండా వచ్చేశాడు. "అక్కడ గాలికి వాసనే నేదు పంతులమ్మా, నిద్దర్రాదు" అన్నాడు నాతో. వాసన లేకపోవడమేమిటి, మద్దిలపాలెం బస్సుల పొగ ఎవర్ని వదుల్తుంది! కానీ ఆయన ముఖం చూసి నేను నవ్వలేదు.

ఒకరోజు బడి విడిచాక ఎల్లారావు నా వెనకాలే వచ్చాడు.

"పంతులమ్మా, నువ్వు పిల్లలికి కతలు సెప్తావు గదా. మా ఆవిడికొకటి సెప్పు. గంగమ్మతో మాట కలిపీలాగ."

"మీవాళ్ళెవరూ చెప్పలేదా?"

"అందరూ సెప్పీసినారు. గంగాలమ్మ ముసిల్ది సెప్పింది. మా బావలు సెప్పినారు. ఒకల్ని మిగల్చకుండా తిట్టింది. నువ్వు సదువుకున్నదానివి, నిన్ను తిట్టదు."

ఎవరైనా నన్ను చదువుకున్నదానివి అంటే నేను కాస్త ఉబ్బుతాను. ఆ బలహీనత నాకుంది. సరేనన్నాను.

మా అన్నయ్య శ్రీరామ్మూర్తి పోర్టులో గుమాస్తా. ఖనిజం ఎత్తుకోవడానికి వచ్చిన ఒక గ్రీకు ఓడలో వంటవాడు, మా వదిన పెట్టిన ఆవకాయ సీసా పుచ్చుకుని, బదులుగా ఒక పాత పుస్తకం ఇచ్చాడట. వాళ్ళ దేశంలో ఎప్పటివో చిన్న చిన్న నీతికథలు, ఇంగ్లీషులోకి మార్చినవి. ఇంగ్లీషు కాబట్టి చెల్లెలికి పనికొస్తుందని అన్నయ్య నాకు అంటగట్టాడు. ఆవకాయ పోయినందుకు వదిన ఇప్పటికీ ఏడుస్తూనే ఉంది. ఆ పుస్తకం నిండా నక్కలు, సింహాలు, గాడిదలు. ఎక్కడో మధ్యలో సముద్రం గురించి ఒక అరపేజీ కథ ఉంది. ఎల్లారావు అడిగినదానికి అది అచ్చంగా సరిపోతుందనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం పోతమ్మ ఇంటి ముందు చేపలకి ఉప్పు పట్టిస్తూంటే నేను పుస్తకం పట్టుకుని పక్కన పీట వేసుకున్నాను.

"ఏటా బుక్కు?"

"గ్రీసు దేశం కథలు. అక్కడా సముద్రమే."

"అక్కడా గంగమ్మేనేటి?"

"నీళ్ళన్నీ ఒకటేగా."

నేను చదువుతూ, అప్పటికప్పుడు తెలుగు చేస్తూ మొదలుపెట్టాను. ఓడ పగిలి ఒకానొకడు ఒడ్డుకు కొట్టుకొని వచ్చెను. అలసి నిద్రించెను. మేల్కొని, నిర్మలముగా ఉన్న సముద్రమును చూసి నిందించెను. 'శాంతముగా కనిపించి మానవులను ఆకర్షింతువు, నీ వశమైన పిమ్మట నాశనము చేయుదువు.' అప్పుడు సముద్రుడు స్త్రీ రూపము ధరించి...

"ఆగాగు," అంది పోతమ్మ. "సముద్రుడేటి? మొగోడా?"

"పుస్తకాల్లో అలాగే రాస్తారు."

"ఆడదానికి మల్లా ఆడ రూపమేటి? సరే, సెప్పు. ఏటందేటి?"

"'ఓ మానవుడా, నన్ను నిందింపకుము...'"

పోతమ్మ చేప పక్కన పెట్టేసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గంగమ్మ అలగ మాట్టాడదు పంతులమ్మా. రేడియోలో వార్తల్నాగుంది. సరీగ్గా సెప్పు."

నాకు ఒళ్ళు మండింది. బళ్ళో ఇన్‌స్పెక్టరు కూడా నా తెలుగుని ఒక్క మాట అన్నవాడు కాదు. పుస్తకం మూసేశాను. లేచిపోదామనే అనుకున్నాను. కానీ ఎల్లారావు దూరంగా తెప్ప మీద నుంచి మా వైపే చూస్తున్నాడు. సరే, సముద్రం యారాడలో పుట్టిన మనిషైతే ఎలా అంటుందో అలా చెబుదామని కళ్ళు మూసుకున్నాను. ట్రైనింగు స్కూల్లో రెండేళ్ళు కష్టపడి వదిలించుకున్న మా పల్లె మాట అదంతట అదే నోట్లోకి వచ్చింది.

"ఓరయ్యా, నన్నెందుకు తిడతావు? నాను నీ కాళ్ళ కింద నేలనాగే ఉంతాను. సల్లగా, కదలకుండా. నా గొడవేదో నాది. గాలొచ్చి నా మీద పడతాది. నన్ను లేపుతాది, కొడతాది, పిచ్చిదాన్ని సేత్తాది. అప్పుడు నా సేతుల్లోకి ఎవలొచ్చినారో నాకే తెల్దు. తిడితే గాలిని తిట్టు, నన్ను కాదు."

చేతుల్లోకి ఎవలొచ్చినారో తెల్దన్న మాటలు ఆ పుస్తకంలో లేవు. అవి ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలీదు. చెబుతున్నంతసేపూ గొంతు నాది కానట్టే ఉంది. ఎండ తెల్లగా ఉంది, ఎక్కడా అలికిడి లేదు, కొండ మలుపు దగ్గరలాగే ఆ కాసేపు సముద్రం రొద నాకు వినబడలేదు. కళ్ళు తెరిచేసరికి పోతమ్మ నన్నే చూస్తోంది.

"ఆడితో మాట్టాడిందా?" అంది మెల్లగా.

"కథలో."

"ఊరూ పేరూ తెల్నోడితో మాట్టాడింది. ఇన్నాళ్ళయింది, నాతో ఒక్క మాట అందా?"

"నువ్వు కలిపితే కదా," అన్నాను. చేప వలలో పడిందనుకున్నాను.

పోతమ్మ నవ్వింది. మంచి నవ్వు కాదు. "నిన్ను ఈడే పంపినాడు గదా? గంగమ్మ మీద నాకు కోపమనుకుంతన్నారు మీరంతా. కోపమేటి, ఆయమ్మతో నాను పడిన పేచీలు ఎన్ని నేవు! అది కాదు. నాను మాట కలిపితే ఈడెల్పోతాడు. నాను నోరు మూసుకుంటే ఇంటికాడుంతాడు. అందుకని మూసుకున్నాను. అర్దమైందేటి? ఎల్లి ఈడికి సెప్పకు."

నాకు చెప్పాలనిపించలేదు కూడా. ఊరంతా ఆమె మొండితనం గురించి చెప్పుకుంటూంటే, ఆ మొండితనం వెనక కూర్చుని ఆమె మొగుణ్ణి కాచుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. చేపలకి ఉప్పు పట్టించడంలో సాయం చేస్తానన్నాను. చేతకాక సగం పాడు చేశాను. దానికి మాత్రం తిట్టింది.

నాలుగు రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఎండ మండిపోతూంది. పిల్లల్ని నీడన కూర్చోబెట్టి చదువుకోమంటే అందరూ గోడకి జేరబడి నిద్రపోయారు. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. పోతమ్మ గుమ్మం దగ్గరికి వచ్చి చేత్తో పిలిచింది. మాట్లాడొద్దని సైగ చేసి ఒడ్డుకి తీసుకెళ్ళింది.

ఎల్లారావు తెప్ప మీద పక్కకి తిరిగి పడుకుని నిద్రపోతున్నాడు. నిద్రలో రెండు చేతులూ కదులుతున్నాయి. తెడ్డు వేస్తున్నాడు. ఇటు ఒకసారి, అటు ఒకసారి. మధ్యలో ఆగి ఏదో లాగాడు. ముఖం నిండా నవ్వు. మెలకువగా ఉన్నప్పుడు నేను ఆ ముఖంలో నవ్వు చూడలేదు. ఆయన కాళ్ళ దగ్గర ఇసక కూడా నీళ్ళలా ఊగుతున్నట్టనిపించింది నాకు. ఎండకి కళ్ళు చెదిరి ఉంటాయి. ఆయన తల కాస్త ఎత్తి ఎవరికో ఏదో చెప్పాడు. ఏదో విన్నాడు. మళ్ళీ నవ్వాడు.

"మా గుంటడు గురువులితో," అంది పోతమ్మ గొంతు తగ్గించి. "రోజూ ఎల్తాడు. ఇద్దరూ ఎల్తారు. నన్నొక్కదాన్నే గట్టునొగ్గీసి ఎల్పోతారు."

నేను ఆయన చేతులకేసే చూస్తున్నాను.

"ఇంటికాడ ఉంచుకున్నాననుకున్నాను," అంది. "ఉన్నాడేటి ఈడు? ఈడిక్కడున్నాడా, సెప్పు?"

ఇద్దరం ఇంటికి వచ్చాం. అరుగు మీద కూర్చుని చాలాసేపు కొండ వైపు చూసింది. తర్వాత ఉన్నట్టుండి అడిగింది.

"పంతులమ్మా, ఆ కతలో గాలేటి సెప్పింది?"

"గాలా? గాలి ఏం చెప్పలేదు. సముద్రం మాటతో కథ అయిపోయింది."

"గాలినెవలూ అడగనేదా?"

"లేదు."

"అదేటి తగువు? ఒకలు ఇంకొకల మీద సెప్తే ఆల్నీ పిలవాల గదా! మా ఊర్లో ఇద్దర్నీ కూకోబెట్టిగానీ తీర్పు సెప్పరు. అంత పెద్ద దేశంలో ఆ పాటి నేదా?"

ఎప్పటి గ్రీకులో, వాళ్ళ తరఫున నేను తలవంచుకున్నాను.

మర్నాడు తెల్లవారుతూండగా తడిక చప్పుడుకి లేచాను. పోతమ్మ తలస్నానం చేసి తడి జుట్టుతో బయటికి వెళుతోంది. చేతిలో పసుపూ లేదు, కుంకుమా లేదు. వెనకాలే వెళ్ళాను. ఒడ్డున మసక వెలుతురులో తెప్పలు ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగుతున్నాయి. ఆడవాళ్ళు పాదాలు తడుపుకుంటూ ఎవరి మాట వాళ్ళు చెబుతున్నారు. పోతమ్మని చూసి అందరూ ఆగిపోయారు. గంగాలమ్మ ముసలావిడ కర్ర ఊతంతో ముందుకొచ్చింది. ఎల్లారావు తన తెప్ప మీద నుంచి లేవకుండా అలాగే చూస్తున్నాడు.

"మాట కలపడానికొచ్చినావేటే?" అంది ముసలావిడ.

"నేదు. నాకు గాలితో పనుంది."

గంగాలమ్మ బతుకులో అలాంటి పని ఎవరికీ పడినట్టు లేదు. కర్ర ఇసకలో గుచ్చి పక్కకి తప్పుకుంది.

ఆ వేళప్పుడు గాలి కొండ మీద నుంచి వస్తుంది. పోతమ్మ చీలమండల దాకా నీళ్ళలో నిలబడి, సముద్రానికి వీపు పెట్టి, కొండకి ఎదురుగా తిరిగింది. ఆమె తడి జుట్టు వెనక్కి ఎగురుతోంది. కాసేపు మొహమాటపడింది, కొత్తగా కాపురానికొచ్చిన ఇంటావిడని పలకరించాల్సి వచ్చినట్టు.

"ఇదిగో, గాలీ," అంది. "నువ్వాడో మొగో నాకు తెల్దు. నిన్నేటని పిలవాలో మా అమ్మ నేర్పనేదు. మాకందరికీ గంగమ్మే తెలుసు. ఆయమ్మ నీ మీద సెప్పిందంట, బుక్కులో ఉంది, మా పంతులమ్మ సదివింది. తప్పు నీదేనంట. నిజమా? మా గుంటడు ఎల్లిననాడు నువ్వెందుకొచ్చినావు? నిన్నెవలు పంపినారు? ఆడు నిన్నేటి సేసినాడు?"

ఆగి చూసింది. నిజంగానే జవాబు కోసం చూసింది. ఒడ్డున ఒక్కరూ కదలలేదు. కొబ్బరాకులు గలగలమన్నాయి, ఆగాయి. గాలి ఆమె ముఖానికి తగులుతూనే ఉంది, చల్లగా, ఏ పాపం ఎరగనట్టు. ఆ క్షణంలో గాలి ఏదైనా అంటే నేను ఆశ్చర్యపోయేదాన్ని కాను. అందరం అంత నిశ్శబ్దంగా ఉన్నాం.

అప్పుడే వెనక నుంచి ఒక కెరటం వచ్చి పోతమ్మని మోకాళ్ళ దాకా తడిపేసింది. పోతమ్మ గిరుక్కున తిరిగింది.

"నీతో కాదు! మద్దిన నువ్వెందుకొత్తావు? నీతో నాను మాట్టాడను! నోర్మూసుకో!"

అనేసింది. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గంగాలమ్మ బోసినోటితో కిసుక్కున నవ్వింది. "కలిపీసింది," అంది. "ఓలమ్మ, కలిపీసిందర్రా!"

ఎల్లారావు లేచి నిలబడ్డాడు. చేతిలో వల జారి ఇసకలో పడింది. ఒక్క అడుగు ముందుకేసి ఆగిపోయి పోతమ్మ వైపు చూశాడు. ఆమె ఇది తిట్టు, మాట కాదు అంటే చాలు, ఊరు ఊరంతా సరేననేది. ఎల్లారావూ మళ్ళీ కూర్చునేవాడు. ఆమెకి అది తెలుసు. నాకూ తెలుసు. అనెయ్యి, అనెయ్యి, అని నేను లోపల మొక్కుకున్నాను. నాకు ఆయన కష్టం కన్నా ఆమె భయమే ఎక్కువగా పట్టుకుంది.

పోతమ్మ అతన్ని పైనుంచి కిందికి చూసింది. ఆ రెండు చేతుల్నీ చాలాసేపు చూసింది. తర్వాత సముద్రం వైపు తిరిగి, నడుం దాకా నీళ్ళలోకి నడిచింది.

"సరే, ఇను," అంది. ఇప్పుడు గొంతులో కోపం లేదు. "గురువుల్ని అడగను. అడిగినా నువ్వియ్యవు. నీకాడే ఉండనీ. ఈడొత్తన్నాడు. ఈడు నాక్కావాల. పంపించీ."

మగవాళ్ళు నలుగురూ కలిసి తెప్పకి తాళ్ళు బిగించారు. దుంగలు ఎండిపోయి ఉన్నాయి, నీళ్ళు తగలగానే టపటపమని చప్పుడు చేశాయి. ఎల్లారావు పోతమ్మ పక్క నుంచే తెప్ప తోసుకుంటూ వెళ్ళి, మొదటి కెరటం దాటాక ఎక్కి కూర్చున్నాడు. కాసేపటికి నీళ్ళకీ ఆకాశానికీ తేడా తెలియని ఆ వెలుగులో కలిసిపోయాడు.

గంగాలమ్మ వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకి తిరిగారు. పోతమ్మ గట్టెక్కలేదు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, జీవితంలో మొదటిసారి ఆ నీళ్ళలోకి దిగి, ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆ పూట బడి తెరవలేదు. పిల్లలు వచ్చి, మమ్మల్ని చూసి, ఆడుకోవడానికి పోయారు.

ఎల్లారావు తెప్ప మళ్ళీ కనబడేదాకా పోతమ్మ గంగమ్మతో మాట్లాడుతూనే ఉంది. తన గురించి ఒక్క మాటా చెప్పలేదు, అంతా కొడుకు గురించే. ఆడికి పీతల పులుసంటే పేణమంది. పైకి గట్టిగా కనిపిత్తాడు గానీ సలికి ఓర్సుకోలేడంది. ఒక్క పిలుపుకి లేవడు, బుజమ్మీద సెయ్యేసి మెల్లగా లేపాల, గట్టిగా అరిస్తే రోజంతా మూతి ముడుచుకుంతాడంది.